నైట్ షిఫ్టు వారం మిగిలిన గోలీలు

నిరుడు ఎండాకాలంలో ఒకనాడు మా బొగ్గుబాయి కాలనీలో సెకండ్ షిఫ్టు సైరన్ మోగగానే పదకొండు వందల మంది ఆడవాళ్లు ఒకేసారి గోలీ నోట్లో వేసుకుని గుటక వేశారు. ఆ గుటకకు గోదావరి మీది వంతెన జానెడు పక్కకు జరిగింది. వంతెన మీద పోతున్న లారీ డ్రైవరు భూకంపం వచ్చిందనుకుని కిందికి దిగి నదికి దండం పెట్టుకున్నాడు. అది బసంత్‌నగర్ సిమెంటు లారీ. నంబరు కూడా చెప్పగలను గాని, పాపం ఆయన పరువు పోతుందని ఊరుకుంటున్నాను. ఈ కథలో ఇలాంటి నిజాలు తప్ప ఇంకేమీ ఉండవు.

ఆ పదకొండు వందల గుటకలకూ కారణం ఒక్క పిల్ల. పేరు రవళిక. బొగ్గుబాయిలో పనిచేసే పోశం బిడ్డ. నర్సింగు స్కూల్లో మూడో ఏడు చదువుతోంది. చదువంటే ప్రాణం. నోరు విప్పమంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఏడు కాలనీ డ్యూటీకి పంపే ముందు చంద్రమతి మేడం క్లాసులో నలభై మంది అమ్మాయిలకూ ఒక పరీక్ష పెట్టింది. మేడం కోస్తా నుంచి వచ్చి పాతికేళ్లయినా మాటలో తీరం పోలేదు, చేతిలో స్కేలు పోలేదు. పరీక్ష గర్భనిరోధం మీద. యాభై ప్రశ్నలు. నలభై తెలివికి, పది మనసుకు. మాత్రలు రోజుకు ఎన్ని, మరిచిపోతే ఏం చేయాలి, లూపు ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఇవన్నీ తెలివి ప్రశ్నలు. మనసు ప్రశ్నల్లో ఆఖరిది ఇది: ‘దంపతులతో ఈ విషయాలు సంకోచం లేకుండా మాట్లాడగలను.’ దానికెదురుగా ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ అన్న గడిలో రవళిక పెన్ను విరిగేంత గట్టిగా టిక్కు పెట్టింది.

నలభై తొమ్మిది మార్కులు వచ్చాయి. ఇంజనీరు గారి అమ్మాయి కృష్ణప్రియకు నలభై ఎనిమిది.

“రాతలో అందరూ డాక్టర్లే,” అంది మేడం కాగితాలు పంచుతూ. “ఏదీ, నిరోధ్ ఎలా వాడాలో ఒకరు లేచి నోటితో చెప్పండి చూద్దాం.”

నలభై తలలు ఒకేసారి పైకి లేచి ఫ్యాను వైపు చూశాయి. కరెంటు లేక అది తిరగడం కూడా లేదు.

“ఆ ఫ్యానుకు తెలిస్తే అదే చెప్పేది. రవళికా, ఫస్టు మార్కు నీదేగా. నువ్వు చెప్పు.”

రవళిక లేచింది. చున్నీ కొస వేలికి చుట్టింది, విప్పింది. “అది మేడం... మగవాళ్లు... అది...”

“అది అంటే ఏదమ్మా?”

“ఇరవై మూడో ప్రశ్న మేడం!”

క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. కృష్ణప్రియ పక్కనుంచి మెల్లగా, “దానికి నువ్వు పెట్టిన పేరు బాగుందే,” అంది. రవళిక చెవులు మిరపపండ్లయ్యాయి.

కాలనీ డ్యూటీ అంటే ఒక్కో అమ్మాయికి ఒక్కో ఇల్లు. వారానికి రెండుసార్లు పోవాలి, ఆ ఇంటి బాగోగులు కనుక్కోవాలి, ఫైలు రాయాలి. రవళికకు వచ్చింది మా పక్క క్వార్టరు, రఘుపతి ఇల్లు. రఘుపతి బాయిలో పంపు ఆపరేటరు. లోపల ఊరే నీళ్లను పైకి తోడే పంపుల దగ్గర ఆయన డ్యూటీ. పెళ్లాం జమున, ఇద్దరు పిల్లలు, తల్లి ఐలవ్వ. ఐలవ్వ గొంతెత్తితే మా ఇంట్లో గ్లాసులు మోగుతాయి.

మొదటి రోజే ఐలవ్వ రవళికను గడపలోనే అందుకుంది.

“రా బిడ్డా, కూసో. మల్ల రాసుకునుడేనా? పోయినేడు ఒక పిల్ల వచ్చి రాసుకపాయె. రాసుకున్నందుకు ఏమన్న అయిందా? నా కోడలు గోలీలు మింగంగ మింగంగనే వానకాలంల కడుపాయె. మూడు నెలలు నిలువకపాయె. రెండు బాటిళ్ల రక్తం ఎక్కిచ్చిన్రు. గవి గోలీలు గాదు, సున్నం బిళ్లలు!”

జమున గోడకు ఆనుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి. కంటి కింది రెప్ప లోపల ఎరుపన్నదే లేదు, సున్నం వేసిన గోడలా ఉంది. దవాఖాన కాగితం రవళిక చదివింది. ఒంట్లో రక్తం పట్టి మనిషి కోలుకునే దాకా, తక్కువలో తక్కువ రెండేళ్లు, కడుపు రాకూడదు, వస్తే తల్లికే ప్రమాదం అని డాక్టరమ్మ రాసి కింద రెండు గీతలు గీసింది. మళ్లీ అవే గోలీలు రాసిచ్చింది. ఆ గోలీలు మొదలుపెట్టి అప్పటికి పన్నెండు వారాలు.

“అక్కా, రోజూ వేసుకుంటున్నవా?” అని అడిగింది రవళిక, పుస్తకంలో ఉన్నట్టే.

“వేసుకుంటున్న.”

“ఒక్కటి గూడ తప్పలే?”

జమున చేట పక్కన పెట్టింది. “పిల్లా, పోయినేడు వచ్చినామె నేను అబద్ధమాడుతున్ననని రాసుకపోయిందట. దవాఖానల అందరి ముంగట అదే అడిగిన్రు. నా పిల్లల మీద ఒట్టు. ఒక్కటంటే ఒక్కటి తప్పలే.”

“తప్పుడేంది!” ఐలవ్వ లేచి అల్మారీలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. అందులో చెక్కుచెదరని కొత్త అట్ట ఒకటి, ఇరవై ఎనిమిది గోలీలతో మెరుస్తోంది. “దవాఖాన ఆశా వర్కరమ్మ మూడు అట్టలిస్తే నా కోడలు పొదుపుగ వాడి ఒకటి మిగిలిచ్చింది. సర్కారు సొమ్మని దుబారా చేసే ఇల్లు గాదు మాది.”

రవళిక ‘మాత్రలు నిల్వ ఉన్నాయి’ అని రాసుకుంది. నలభై తొమ్మిది మార్కుల తెలివి అక్కడ అంతవరకే పనిచేసింది.

“గిదే ఆఖరు,” అంది ఐలవ్వ డబ్బా మూస్తూ. “శుక్రవారం నా కోడలిని ఆగయ్య కాడికి తోలుకపోత. రామగిరి దిక్కు ఆగయ్య ఇచ్చే పసరు ఒక్కసారి తాగితే మూడేండ్లు ఫికర్ లేదట.”

“పసరా? అవ్వా, రక్తం తక్కువున్న మనిషికి...”

“మీ గోలీలు తాగితే ఏమాయెనో చూసినం గద!”

ఫైలు చంకన పెట్టుకుని రవళిక లేచింది. స్కూలుకు పోయి చంద్రమతి మేడంకు చెప్పింది. మేడం కళ్లజోడు పైకి నెట్టి, “ఆవిడ తప్పించింది, ఒప్పుకోవడం లేదు. ఇలాంటివి నేను వంద చూశాను. లూపు వేయించుకోమను, మూడు నెలల ఇంజెక్షన్ ఉందని చెప్పు, ఫైలు ముగించు,” అంది.

చెప్పింది. జమునకు సూదంటే దడ, లూపంటే భయం. గోలీలంటే ఇక నమ్మకం లేదు. మిగిలింది ఆగయ్య.

ఫైల్లో ‘సరిగా వాడటం లేదు’ అని రాయడానికి రవళిక నాలుగుసార్లు పెన్ను పట్టింది. పిల్లల మీద ఒట్టు వేసిన ఆ మొహం అడ్డం వచ్చింది. గోలీ అబద్ధమాడదు, జమునక్క అబద్ధమాడదు. మరి అబద్ధమాడింది ఎవరు?

శుక్రవారం పొద్దున పోశం నైట్ షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి దుప్పటి ముసుగేశాడు. రవళిక యూనిఫాం వేసుకుని పళ్లెం ముందు కూర్చుంది. అన్నం, చింతకాయ తొక్కు.

“పప్పు లేదానే అవ్వా?”

తల్లి సారవ్వ వేలు మూతి మీద పెట్టింది. “మెల్లగ! ఎన్నిసార్లు చెప్పాలె పిల్లా? నైట్ షిఫ్టు వారం నేను కుక్కర్ ముట్ట. సీటీ కొడితే మీ నాయిన లేసి కూసుంటడు. ఇరవై ఆరేండ్ల సంది ఆ వారం కుక్కర్ అటక మీదనే.”

“ఒక్క దినం గూడ ముట్టవా?”

“ఎందుకు ముడుత? నైట్ షిఫ్టు వారం దాని పద్ధతి దానిది. మూడు వారాలకు ఒక వారమే గద. ఈ కాలనీల ఎవ్వరినన్న అడుగు, షిఫ్టును బట్టే పొయ్యి, షిఫ్టును బట్టే నీళ్లు, షిఫ్టును బట్టే చుట్టాలు.”

ముద్ద రవళిక నోటి దగ్గర ఆగిపోయింది. మూడు వారాలకు ఒక వారం. మూడు అట్టలకు ఒక అట్ట. పన్నెండు వారాల్లో నాలుగు నైట్ షిఫ్టులు. నాలుగేడ్లు ఇరవై ఎనిమిది.

“అవ్వా!” అని కేక వేసింది. దుప్పట్లోంచి పోశం లేచి కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లు కుక్కర్ చేయని పని బిడ్డ చేసింది. చేయి కడిగిందో లేదో నాకు తెలియదు గాని, మా సందు మలుపు తిరిగేటప్పుడు ఆ పిల్ల చెప్పుల్లో ఒకటి చేతిలోనే ఉంది.

రఘుపతి ఇంటి ముందు షేర్ ఆటో ఆగి ఉంది. ఐలవ్వ చేతిలో సంచి, జమున నెత్తిన కొంగు. రవళిక వాళ్లిద్దరికీ ఆటోకూ మధ్య చేతులు చాపి నిలబడింది.

“అక్కా, ఒక్క మాట. నైట్ షిఫ్టు వారం గూడ గోలీ వేసుకున్నవా?”

జమున ఆ పిల్లను ఎగాదిగా చూసింది. మూడు నెలల్లో మొదటిసారి నవ్వింది. “నీకింక పెండ్లి గాలే గద, నీకేమెరుక. మొగడు రాత్రి ఇంట్ల లేడు. పగలంత దుంగోలె పంటడు. గోలీ ఎందుకు? కరెంటు లేనప్పుడు ఎవలన్న మోటరు స్విచ్చి వేస్తరా?”

“అట్ల ఎన్నేండ్ల సంది?”

“మొదటి సంది! ఫస్టు షిఫ్టుల ఒక్కటి తప్పలే, సెకండ్ షిఫ్టుల ఒక్కటి తప్పలే. ఒట్టేసి చెప్పిన గద!”

“గందుకే అట్ట మిగిలింది,” అంది ఐలవ్వ గర్వంగా.

చూశారా, అబద్ధమాడింది ఎవరూ లేరు. ఏళ్ల తరబడి ఎంతోమంది ‘రోజూ వేసుకుంటున్నావా’ అని అడిగారు. బాయి మనుషులకు రోజంటే షిఫ్టు అని ఎవరికీ తట్టలేదు. నలభై మంది అమ్మాయిలు యాభై ప్రశ్నలు రాశారు. అందులో షిఫ్టు అన్న ప్రశ్నే లేదు.

“అక్కా, అది రోజూ వేసుకోవాలె. అన్న ఇంట్ల ఉన్నా లేకున్నా, ఊరికి పోయినా. ఆ గోలీ అన్న కోసం గాదు, నీ ఒంటి కోసం. లోపల అండం విడుదల గాకుంట రోజూ ఆపుతది. ఏడు దినాలు బంద్ వెడితే అది తయారై కూసుంటది. నువ్వు సోమవారం మల్ల మొదలువెడితే ఏం లాభం?”

ఐలవ్వ సంచి భుజం మార్చుకుంది. “మొగడు లేని దినాలు గోలీ మింగుడేందే? చెవులకు కమ్మలు గాదు గద, ఊకె పెట్టుకునేటందుకు. జరుగు, ఆటో ఆయన ఆగడు.”

రవళిక జరగలేదు. పుస్తకంలో ఉన్నదంతా చెప్పేసింది, ఇంకేమీ మిగల్లేదు. ఆటో డ్రైవరు హారను కొట్టాడు. ఆ హారనుకు లోపల నిద్రపోతున్న రఘుపతి లుంగీ సవరించుకుంటూ గడపలోకి వచ్చాడు, కళ్లు ఎర్రగా, జుట్టు ముళ్లకంపలా.

ఆయన్ని చూడగానే రవళికకు జమున అన్న మోటరు మాట గుర్తొచ్చింది.

“రఘుపతన్నా! పండుగనాడు బాయిల బొగ్గు తీస్తరా?”

“తియ్యరు.” నిద్రమొహంతోనే జవాబు.

“మరి ఆనాడు పంపు ఆపుతరా?”

రఘుపతి ఉలిక్కిపడ్డాడు. “పంపా? ఏం మాటది? పండుగైనా, సమ్మె అయినా, బాయిల మనిషి లేకున్నా పంపు నడవాలె. బొగ్గు తీసినా తియ్యకున్నా నీళ్లు ఊరుడు ఆగుతదా?”

“ఏడు దినాలు ఆపితే?”

“ఏడు దినాలా! పనిజాగ మొత్తం మునుగుతది. పంపు గూడ మునుగుతది. ఎనిమిదో దినం స్విచ్చి వేస్తే నీళ్లు దిగుతయా?”

అన్నాడు గాని, అన్న మాట ఆయన చెవుల్లోకే తిరిగి వచ్చింది. తల్లిని చూశాడు, తల్లి చేతిలోని సంచిని చూశాడు, పెళ్లాం పాలిపోయిన మొహాన్ని చూశాడు. బిస్కెట్ల డబ్బా సంగతి ఆయనకూ తెలుసు. ఎన్నోసార్లు దాన్ని చూసి మెచ్చుకున్నాడు కూడా.

“జమునా,” అన్నాడు మెల్లగా, “ప్రతి నైట్ షిఫ్టుకు మనం పంపు బంద్ వెట్టినమే.”

ఐలవ్వ సంచి కింద పెట్టింది. ఆమె మొగుడూ ముప్పై ఏళ్లు ఆ బాయిలోనే చేసినవాడు. పంపు ఆగితే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. “ఆటో తమ్మీ,” అంది, “రామగిరి వద్దు. దవాఖానకు పోదాం, జల్ది.”

జమున మాత్రం కదల్లేదు. చేయి పొట్ట మీద పెట్టుకుంది. “పిల్లా, పోయిన నైట్ షిఫ్టు వారం గూడ వేసుకోలే. ఇప్పుడు మల్ల...?”

రఘుపతి చొక్కా తెచ్చుకోవడానికి లోపలికి పరుగెత్తాడు.

“పరీక్ష చేపిద్దాం అక్కా. పద, నేనుంట,” అని రవళిక ఆమె చేయి పట్టుకుంది.

దవాఖానలో పరీక్ష అట్ట మీద ఒక గీత తేలింది. రెండోది తేలుతుందేమోనని నలుగురూ దాని మీదికి వంగి చూశారు. ఐలవ్వ అయితే దానికి వేలు చూపి, “ఒక్కటి చాలు, ఆగు ఆడనే!” అని గద్దించింది. అది ఐలవ్వ గొంతు కదా, ఆగిపోయింది. ఒక్క గీత. కడుపు లేదు. జమున బెంచీ మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది, అలాంటి ఏడుపు.

డాక్టరమ్మ ఒక్క నిమిషంలో విషయం తేల్చింది. నెలసరి రాగానే కొత్త అట్ట మొదలుపెట్టాలి. అంతదాకా, ఇంకా కొత్త అట్టలో మొదటి ఏడు రోజులూ, భర్త జాగ్రత్త పడాలి. ఎలాగో సిస్టర్ చెబుతుంది అని రవళికను చూపించి ఇంకో పేషెంటును పిలిచింది.

ఇంటికొచ్చారు. వెనక వాకిట్లో రఘుపతి తలవంచుకుని నిలబడ్డాడు. జమున బావి గిలకను చూస్తోంది. ఇక్కడ ఫ్యాను లేదు, అందుకని రవళిక ఆకాశం వైపు చూసింది. ‘ఇరవై మూడో ప్రశ్న’ నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆకాశం మీదినుంచి చూపు దింపి, గుండెలనిండా గాలి పీల్చి,

“నిరోధ్!” అంది. “రఘుపతన్నా, నిరోధ్ వాడాలె! ప్రతిసారీ కొత్తది వాడాలె! ఎట్లనో చెప్త, ఇను!”

ఆ పిల్ల ఎంత గట్టిగా అందంటే, పక్క గోడ మీద కునుకుతున్న గండుపిల్లి దబ్బున కిందపడి నడుం విరగ్గొట్టుకుంది. మూడు రోజులు కుంటింది పాపం.

“గంత గట్టిగనా బిడ్డా!” ఐలవ్వ చెవిలో వేలు తిప్పుకుంది. “నా కొడుకు చెవిటోడు గాదు.”

“నా కోసం అన్న అవ్వా,” అంది రవళిక. తర్వాత మామూలు గొంతుతో, మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా చెప్పింది. రఘుపతి రెండు అనుమానాలు అడిగాడు. వాటికీ చెప్పింది.

ఇక రోజూ మరిచిపోకుండా ఎలా? దానికి ఉపాయం జమునే చెప్పింది. మొగుడు ఏ షిఫ్టులో ఉన్నా సెకండ్ షిఫ్టు సైరన్ రోజూ మోగుతుంది. సైరన్‌కు గోలీ. “మరి సైరన్ మోగని దినం?” అంది రవళిక. ఐలవ్వ రొమ్ము విరుచుకుంది. “నేను లేనా?”

సోమవారం రవళిక క్లాసులో నిలబడి, మిగిలిన అట్టనూ షిఫ్టుల క్యాలెండరునూ బోర్డుకు అంటించి జరిగింది చెప్పింది. ఒక్క తల కూడా ఫ్యాను వైపు లేవలేదు. అంతా విని చంద్రమతి మేడం చేతిలోని స్కేలు బల్ల మీద పెట్టింది.

“వంద చూశానన్నాను కదమ్మా. వందమందికీ ఈ అన్యాయమే చేశాను కాబోలు. ఆ జమున గారికి క్షమాపణ చెప్పాలి, నన్ను తీసుకెళ్లు,” అంది. అని రవళిక పాత పరీక్ష కాగితం తెప్పించి ఆఖరి ప్రశ్న దగ్గర వేలు పెట్టింది. “ఈ టిక్కు పెట్టిన రోజున అబద్ధం. ఈ రోజు నిజం. తగ్గిన ఆ ఒక్క మార్కూ ఇదిగో, యాభైకి యాభై.”

ఆ పరీక్షలో ఇప్పుడు యాభై ఒకటో ప్రశ్న ఉంది: ‘మీ ఆయనది ఏ షిఫ్టు అని అడిగారా?’ అదే వారం నలభై మందీ తమ తమ ఇళ్లకు మళ్లీ పోయి అదే అడిగారు. కృష్ణప్రియ ఒక్కతే ముగ్గురిని పట్టుకొచ్చింది. “నాకు వచ్చినవి నలభై ఎనిమిదే లేవే, కానీ ముగ్గురు,” అని రవళిక ముందు మూడు వేళ్లు ఊపింది. మొత్తం లెక్క తేలితే, షిఫ్టును బట్టి గోలీ మింగేవాళ్లు పదకొండు మంది. పదకొండు ఇళ్లలో, పదకొండు డబ్బాల్లో, పొదుపుగా దాచిన అట్టలు.

అవును, పదకొండే. మొదట్లో పదకొండు వందలన్నాను. మా ఊరి బడిలో సున్నాలు బాగా దిద్దించారు, ఎక్కడ ఖాళీ కనిపించినా ఒకటి రెండు వేయడం నా చేతికి అలవాటు. వంతెన కూడా ఎక్కడిదక్కడే ఉంది. లారీ డ్రైవరు దిగింది టైరు చూసుకోవడానికి.

కాని ఆ తర్వాత మొదటి నైట్ షిఫ్టు వారంలో సైరన్ మోగినప్పుడు మా సందులో నేను చూసింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను. జమున గడపలో నిలబడి, ఒక చేతిలో నీళ్ల గ్లాసు, ఇంకో చేతిలో గోలీ పట్టుకుని, నైట్ షిఫ్టుకు పోవాల్సిన మొగుడు ఎదురుగా గురక పెడుతుంటే, ఆయన్ని చూస్తూ దర్జాగా మింగింది. ఐలవ్వ “పంపు చాలూ!” అని, అంటే నడుస్తోందని, అరిచింది. మా ఇంట్లో గ్లాసులు మోగాయి. అవతలి వరసలోంచి ఇంకెవరో ఆడమనిషి “ఈడ గూడ చాలూ!” అని జవాబిచ్చింది. ఇప్పటికి ఏడాది దాటింది. జమున కంటిరెప్ప లోపల దానిమ్మ గింజ రంగు తిరిగింది. రవళిక తెల్ల టోపీ పెట్టుకుని దవాఖానలో డ్యూటీకి వస్తుంది, కొత్త దంపతులు ఎవరొచ్చినా ముందు షిఫ్టు అడుగుతుంది.

ఇందులో నేను కల్పించి చెప్పిందేమిటని మీరు అడక్కముందే ఒప్పుకుంటాను. కుక్కర్ నిజం, డబ్బా నిజం, రఘుపతి మాట అక్షరం పొల్లుపోకుండా నిజం. గోడ మీది గండుపిల్లి మాత్రం లేదు. ఆ రోజు ఆ గోడ పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడి వింటూ దబ్బున పడింది నేనే. నడుముకు ఇప్పటికీ తైలం రాస్తోంది మా కోడలు.